అక్క విప్పి వెళ్ళిన బూట్లు

ఆ రోజు పొద్దున మస్కట్ అవతల ఖురియాత్‌లో సముద్రపు గాలి ఆగిపోయింది. కొండల వైపు నుంచి వేడిగాలి దుమ్మును మోసుకొచ్చింది. ఎదురింటి గోడ కూడా సరిగా కనిపించడం లేదు. నేను మిద్దె మీద నిమ్మకాయలు తిప్పుతున్నాను. ఇక్కడివాళ్ళు నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, నల్లబడేదాకా ఎండబెట్టి, ఏడాది పొడుగునా కూరల్లో వేసుకుంటారు. వాటిని రోజూ తిప్పాలి. అది అక్క పని. అక్క ఆసుపత్రికి పోయినప్పటి నుంచి నేను చేస్తున్నాను.

బాబా మెట్లెక్కి పైకి వచ్చాడు. ఇంటి యజమానిని మేము బాబా అంటాం. ఆయన మిద్దె మీదికి ఎప్పుడూ రాడు. ఏదన్నా కావాలంటే కింద నుంచే పిలుస్తాడు. ఆయన తల ఆ మెట్ల దగ్గర కనిపించగానే నాకు అర్థమైంది.

"మీ అక్క పోయింది. పొద్దున నమాజు వేళకు" అన్నాడు హిందీలో. "మా అమ్మకు ఇప్పుడే చెప్పకు."

చాప మీద నుంచి దొర్లిపోయిన ఒక నిమ్మకాయను తీసి, మళ్ళీ చాప మీద పెట్టి, దిగి వెళ్ళిపోయాడు. నేను మిగిలిన కాయలు తిప్పి కిందికి వచ్చాను.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. ఆమెది కడప జిల్లా, నాది గోదావరి జిల్లా. ఈ ఇంట్లో ఆమె నాకంటే చాలా ముందు నుంచి ఉంది. బాబా తల్లిని, అంటే పెద్ద మామాను, చూసుకోవడం ఆమె డ్యూటీ. ఇక్కడ అమ్మను మామా అంటారు. వంట, గిన్నెలు నావి. నేను వచ్చిన మొదటి రోజు ఆమెను ఏదో అడగబోయి "అండి" అన్నాను. మా వైపు అలవాటు అది.

"ఈ అండీ ఏంది మ్మే? నేనేమన్నా తాసిల్దారునా?" అంది.

"మరేమనాలండి?"

"మళ్ళీ అండి! సరే, అక్కా అను. అండి నీ ఇష్టం. తోక లేకుంటే నువ్వు నడవలేవు మాదిరుంది."

అప్పటి నుంచి అక్కే. తోక కూడా పోలేదు.

అక్కకు పెద్ద గొంతు. అయినా పనిచేసేటప్పుడు అడుగుల చప్పుడు వినిపించేది కాదు. చెప్పులు వంటింటి గుమ్మం దగ్గర విప్పి ఇల్లంతా వట్టి కాళ్ళతో తిరిగేది. "పని కనపడాల, మనిషి కనపడగూడదు" అనేది. నాకు నేర్పిన మొదటి మాట అదే. కూర రుచి చూడాలంటే గరిటెతో ఎడమ చేతి మీద ఒక చుక్క వేసుకుని నాకేది. మేకలకు మేత వేస్తూ వాటితో కడప కబుర్లు చెప్పేది. పెద్ద మామాను ఎదురుగానే "ముసల్దీ" అని పిలిచేది. దాని అర్థం ఏమిటని మామా ఒకసారి అడిగితే, మా వైపు రాణిని అట్లా పిలుస్తారని చెప్పింది. ఆ తరువాత ఎవరన్నా చుట్టాలు వస్తే మామా తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అనా ముసల్దీ" అని చెప్పుకునేది. నేనే ముసల్దాన్ని అని. అక్క పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేది.

అక్కకు షుగరు ఉంది. మాత్రలు ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకునేది. ఖర్జూరాలు మాత్రం మానలేదు. ఆమెకు ఒక్కతే కూతురు. తిరుపతిలో నర్సింగ్ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల పరీక్షలు అయిపోయేదాకా తాను ఇక్కడ ఉండాలి. అక్క లెక్కంతా అంతే. పక్కింట్లో ఒక శ్రీలంక ఆమె పనిచేసేది. ఆమెకు కిడ్నీలో ఏదో ఉందని తెలిసిన వారంలోనే పంపించేశారు. ఆమె సూట్‌కేసు పట్టుకుని కారెక్కుతుంటే మేమిద్దరం గోడ పక్కనుంచి చూశాం.

"చూసినావా, నొప్పి అని చెప్పడం, పోతానని చెప్పడం ఒకటే ఈడ" అంది అక్క.

పోయిన చలికాలం చివర పెద్ద మామా కళ్ళ ఆపరేషన్ కోసం ఇంటిల్లిపాదీ ఐరోపాలో ఒక పట్టణానికి వెళ్ళారు. మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళారు. ఆ ఊరి పేరు మాకు నోరు తిరగలేదు. అక్క "చలి ఊరు" అనేది. మేడమ్, అంటే బాబా భార్య, మా ఇద్దరికీ నల్ల బూట్లు, ఉన్ని మేజోళ్ళు కొనిచ్చింది. అక్క బూట్లు ఒక సైజు పెద్దవి. నడుస్తుంటే టపటపమనేవి. "ఇంగ నేను యాడుండానో ఊరంతా తెలుస్తాది" అని నవ్వింది.

ఆపరేషన్ ముందు రోజు పెద్ద మామా మారాం చేసింది. అప్పటికే ఒక కంటికి ఏమీ కనిపించదు, రెండో దానికి పొగ. ఇంత దూరం తెచ్చి నాకు గోడలు తప్ప ఏం చూపించారు, రేపు ఆ ఉన్న కన్ను కూడా పోతే, అని ఏడ్చింది. మేడమ్ ఇళ్ళ కట్టడాల చదువు చదువుకుంది. హోటల్‌కు దగ్గర్లోనే చూడదగిన ఇల్లు ఒకటి ఉందని చెప్పి మామాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టించింది. వాన, అందులోనే మంచు. అక్క కుర్చీ తోసింది, నేను గొడుగు పట్టాను. చేరేటప్పటికి బూట్లలోకి నీళ్ళు పోయాయి.

అది యూదుల గుడి. సినగాగ్ అంటారని మేడమ్ చెప్పింది. బయట తుపాకులతో కాపలావాళ్ళు ఉన్నారు. సంచులు యంత్రంలో పెట్టించారు. మామా కుర్చీ చక్రాల కింద కూడా ఏదో పుల్లతో తుడిచి చూశారు. బాబా లోపలికి రావాలా వద్దా అని మెట్ల కింద కాసేపు నిలబడ్డాడు. మేడమ్ ఆయన వైపు చూడకుండా అందరికీ టికెట్లు తీసుకుంది. తలుపు దగ్గర ఒక ముసలాయన మగవాళ్ళకు కాగితం టోపీలు ఇస్తున్నాడు. బాబా నెత్తిన మస్కట్‌లో కుట్టించుకున్న టోపీ ఉంది. ముసలాయన దాని కుట్టుపని వేలితో తడిమి చూసి, ఇది చాలు, ఇంకొకటి అక్కర్లేదని సైగ చేశాడు. బాబా టోపీ సర్దుకున్నాడు. లోపలికి నడిచాడు.

అక్క గుమ్మం దగ్గర ఆగింది. కొంగు తల మీదికి లాక్కుంది. వంగి బూట్లు విప్పింది. తడిసిన మేజోళ్ళు కూడా తీసి, మడిచి, బూట్లలో పెట్టి, తలుపు పక్కన గోడకు ఆనించింది.

"వద్దు, ఇక్కడ అలా లేదు. అందరూ బూట్లతోనే వెళ్తారు" అంది మేడమ్.

"అందరూ పోనీ మేడమ్" అని హిందీలో అంది అక్క. నా వైపు తిరిగి, "మా కడప దర్గాకు పోయినా ఇట్లనే పోతాం. దేవుని ఇల్లు ఎవరిదైతే ఏంది? ఆయనేమీ అనడులే. మనకే బాగుండదు" అంది.

నేను విప్పలేదు. చలికి భయపడ్డాను.

లోపల ఎటు చూసినా ఖాళీ జాగా లేదు. నేల నుంచి పైకప్పు దాకా గోడలంతా అల్లికలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వాటి మీద బంగారు పూత. ఎనిమిది మూలల చుక్కలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు ఉన్నాయి. పైన ఆడవాళ్ళు కూర్చునే వసారాలు, వాటికి చెక్కిన కమ్మీలు. ఎదురుగా ఒక పెద్ద తెర, దాని మీద నాకు తెలియని లిపి. మనిషి బొమ్మ ఒక్కటి కూడా లేదు. దీపాలు వెలుగుతున్నాయి గానీ మూలలు చీకటిగానే ఉన్నాయి. చూసేకొద్దీ ఆ గోడలు కొంచెం కొంచెం దగ్గరకు జరుగుతున్నట్టు అనిపించింది. పెద్ద మామా గాలి వాసన చూసి, మసీదా అని అడిగింది.

మేడమ్ మమ్మల్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. మామా కుర్చీ నడవలో, ఆ పక్కన అక్క, తరువాత నేను. బెంచీ మీద ఒక్కొక్కరి చోటుకు ఒక చిన్న ఇత్తడి రేకు కొట్టి ఉంది.

"ఇదేంది మ్మే?" అంది అక్క.

నేను మేడమ్‌ను అడిగాను. పూర్వం ఇక్కడ కూర్చునేవాళ్ళ పేర్లు అని చెప్పింది. ఎవరి చోటు వాళ్ళదే.

అక్క లేచి నిలబడింది. "వాళ్ళొస్తే లెయ్యమంటారేమో."

"రారు. యుద్ధం రోజుల్లో వాళ్ళను పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. కూర్చో" అంది మేడమ్.

అక్క ఆ రేకును కొంగుతో తుడిచి, దాని పక్కకు జరిగి కూర్చుంది.

పెద్ద మామా, ఏముందో చెప్పమని అక్క చెయ్యి పట్టుకుంది. అక్కది వంటింటి అరబీ. అందులో గిన్నెలకు, రంగులకు, కూరలకు మాటలున్నాయి గానీ గోపురాలకు లేవు. అయినా చెప్పింది. పైకప్పు బోర్లించిన పెద్ద గిన్నె అని, లోపలంతా పెళ్ళికూతురు చేతికి పెట్టే గోరింటాకు ముగ్గు అని, గిన్నె అంచు చుట్టూ నెయ్యి కారినట్టు బంగారం అని. మామా తల పైకెత్తి, కనిపించని కళ్ళు తెరుచుకుని వింది. "ఇంత గోరింటాకు ఎవరు పెట్టారు?" అని అడిగింది.

"ఎవరో తీరిగ్గా ఉండేటోళ్ళు" అంది అక్క. మామా నవ్వింది. ఆ ఊరికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

కాసేపటికి ఒక కాపలావాడు అక్క బూట్లను తాళ్ళు పట్టుకుని ఎత్తుకొచ్చాడు. వాటిని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. ఎవరివి అని అడిగాడు. మనిషి దగ్గర లేని వస్తువు ఏదీ తలుపు పక్కన ఉండకూడదట.

"దొంగ దొరికినాడు" అంది అక్క. అతను నవ్వలేదు. బూట్లు ఆమె పక్కన పెట్టి, ఆమె వట్టి కాళ్ళ వైపు చూసి వెళ్ళిపోయాడు.

"బూట్లకు భయపడే దేవుని ఇల్లు ఇదే చూడడం" అంది నాతో.

ఆమె కాళ్ళ వైపు అప్పుడే నేనూ చూశాను. బెంచీల కింద నేల వెంబడి ఒక లావుపాటి ఇనుప గొట్టం పోతోంది. చలికి అందులో వేడినీళ్ళు తిప్పుతారు. అక్క కుడి పాదం ఆ గొట్టం మీద ఆనించి, దాని మీద ఎడమ పాదం వేసుకుని కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచి అలాగే ఉంది. నేను నా బూటు గొట్టానికి ఆనించి చూశాను. అడుగు తోలులోంచి వేడి తగిలింది.

"అక్కా, కాళ్ళు తీసెయ్యండి. కాలిపోతాయి."

"ఏం కాల్తాది మ్మే? ఇంగా చల్లగానే ఉండాది. కొంచెంసేపు కాగనీ."

"చేత్తో ముట్టుకుని చూడండి."

అక్క వంగి గొట్టాన్ని ముట్టుకుంది. చెయ్యి వెంటనే లాక్కుంది. ఆ చేతి వైపు చూసుకుంది, తరువాత పాదాల వైపు. కాళ్ళు మెల్లగా కిందికి దించింది. పెద్ద మామా అప్పుడు, ఆ తెర మీద ఏముందో చెప్పు అంటోంది. నేను అక్క మొహం వైపు చూశాను. అది నాకు తెలియని మొహం.

"మేడమ్‌కు చెప్పాకు" అంది. తరువాత మామా వైపు తిరిగి తెర గురించి చెప్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం హోటల్ గదిలో అక్క చిన్న అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకుంది. కుడి పాదం మధ్యలో తెల్లగా, ఉడికిన తోలులా ఉంది. దాని చుట్టూ బొబ్బ లేచింది. నేను వేలితో పక్కన నొక్కాను. తెలుస్తోందా అని అడిగాను.

"నొక్కినావా?" అంది.

ఆపరేషన్ తరువాత పెద్ద మామాకు వెలుతురు మాత్రం తెలిసింది, మనుషులు తెలియలేదు. మేము ఖురియాత్ తిరిగి వచ్చాం. అక్క పసుపు పెట్టి గుడ్డ కట్టుకునేది. కొన్నాళ్ళకు పైన తోలు మూసుకుంది. "చూసినావా, దేవుని ఇంట్లో తగిలిన దెబ్బ, ఆయనే మాన్పినాడు" అంది. ఎండలు ముదిరేటప్పటికి ఆ తోలు మళ్ళీ పగిలింది. ఈసారి అంచులు నల్లగా ఉన్నాయి.

అప్పటి నుంచి అక్క వట్టి కాళ్ళతో తిరగడం మానేసింది. చలి ఊరి బూట్లు బయటికి తీసింది. రాళ్ళు కూడా పగిలిపోయే ఎండల్లో, గడప లోపలా బయటా, ఆ నల్ల బూట్లే. టపటపమని చప్పుడు. కొన్నాళ్ళకు ఒక బూటు చప్పుడు తగ్గింది. పాదం వాచి లోపల బిగిసిపోయింది.

"ఈ ఎండకు బూట్లేంటి?" అని మేడమ్ అడిగింది.

"ఫ్యాషన్ మేడమ్" అంది అక్క. మేడమ్ నవ్వి ఊరుకుంది.

నేను రోజూ బతిమాలాను. "ఆసుపత్రికి వెళ్దామండి. మస్కట్ రూవిలో మన డాక్టర్లుంటారంట. శుక్రవారం సెలవు అడుగుతాను."

"పాపకు పరీక్షలు మొదలైనాయి. అయిపోనీ. ఇప్పుడు పోతే కాలు చూసి టికెట్ చేతిలో పెడతారు. ఆ పిల్ల పుస్తకం మూసి నా కాలికాడ కూర్చుంటాది."

"కాలు పోతే?"

"కాలు పోయిందంటే నడిచే పని తగ్గుతాదిలే" అంది. నేను నవ్వకపోయేసరికి, "నువ్వు చెప్పినావంటే నీతో మాట్లాడను మ్మే" అని నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

కూతురు నర్సింగ్ పిల్ల కదా, ఆమెకు అనుమానం వచ్చింది. గొంతు ఎందుకు అలా ఉంది, జ్వరమా, కాళ్ళు చూపించు అని వీడియో కాల్‌లో పట్టుబట్టింది. ఫోన్ నేను పట్టుకున్నాను. అక్క మంచం మీద కూర్చుని, బూటు విప్పి, పాదం ఎత్తి చూపించింది. అరికాలు, మడమ, వేళ్ళ సందులు, ఒక్కొక్కటి. అంతా శుభ్రంగా ఉంది. అది ఎడమ కాలు. కుడి కాలు బూటుతో పాటు దుప్పటి కింద ఉంది.

"బాగుందే. మరి జాగ్రత్త మా" అంది ఆ పిల్ల.

ఇంట్లో వాసన మొదలైంది. ముందుగా పెద్ద మామాకు తెలిసింది. ఏదో చచ్చింది, వెతకండి అంది. బాబా ఫ్రిజ్ జరిపి చూశాడు. మేము పరుపులు ఎత్తాం, మేకల కొట్టం కడిగాం, డ్రైనేజీలో మందు పోశాం. ఇక్కడ ప్రతి ఇంట్లో సాంబ్రాణి వేస్తారు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అక్క ఆ పని తను తీసుకుంది. మట్టి ధూపదానిలో నిప్పులు వేసుకుని, సాంబ్రాణి గుప్పెడు గుప్పెడు పోస్తూ, ప్రతి గదికీ తిరిగేది. తెల్లటి పొగలో ఆమె మొహం కనిపించేది కాదు. కాలు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించేది. పొగ ఆగిన గంటకు వాసన మళ్ళీ వచ్చేది. ఆమె ఉన్న గదిలోనే వచ్చేది.

ఒక ఉదయం అక్క పెద్ద మామా జుట్టు దువ్వుతోంది. మామా దువ్వెన పట్టుకుని ఆపింది. వెనక్కి తిరిగి, చేతులతో తడుముకుంటూ, అక్క భుజం, మోకాలు, పిక్క పట్టుకుంది. బూటు పైభాగం దగ్గర ఆమె చేతులు ఆగాయి. అక్కడ పిక్క బూటు అంచు మీదుగా పొంగి, నిప్పులా కాలుతోంది.

"విప్పు" అంది.

అక్క విప్పలేదు. మామా కొడుకును పేరు పెట్టి అరిచింది. ఆమె అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

బాబా బూటు తాళ్ళు కోశాడు. చూసి, వెంటనే లేచి, కారు తాళాలు తెచ్చాడు. మేడమ్ గోడకు ఆనుకుని, "ఎందుకు చెప్పలేదు? ఎందుకు చెప్పలేదు?" అని అంటూనే ఉంది. ఎవరూ టికెట్ మాట ఎత్తలేదు. బాబా, నేను చెరొక పక్కన పట్టుకుని అక్కను కారెక్కించాం. కారు కదలబోతుంటే అద్దం దించి నన్ను పిలిచింది. పాప గురించి ఏదో చెబుతుందనుకున్నాను.

"నిమ్మకాయలు తిప్పు మ్మే. ఒక పక్కనే ఎండితే లోపల కుళ్ళిపోతాయి" అంది.

మస్కట్‌లో పెద్దాసుపత్రిలో కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. సంతకం పెట్టే ముందు, పరీక్షలు అయ్యేదాకా కూతురికి చెప్పకూడదని అక్క అందరి దగ్గరా మాట తీసుకుందట. విషం అప్పటికే రక్తంలోకి పోయింది. నన్ను ఒక శుక్రవారం తీసుకెళ్ళారు. గాజు తలుపు అవతల నుంచి చూశాను. దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు.

కూతురి ఆఖరి పరీక్ష అయిన రెండో రోజు అక్క పోయింది. తెలుగులో చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. మిద్దె దిగి, చేతులు కడుక్కుని, ఫోన్ చేశాను. ఆ పిల్ల పరీక్ష బాగా రాశానని అమ్మకు చెప్పమంది. నేను చెప్పవలసింది చెప్పాను. 

"ఏ కాలు చిన్నమ్మా?" అంది.

"కుడి కాలమ్మా."

"నాకు ఎడమది చూపిచ్చింది" అంది.

పెద్ద మామాకు సాయంత్రం చెప్పారు. ఆమె ఏడవలేదు. కర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ అక్క బూట్లు ఉన్నాయి. ఒకదానికి తాళ్ళు కోసి ఉన్నాయి, ఇంకొకదానికి ముడి అలాగే ఉంది. కర్ర వాటికి తగిలింది. మామా ఆగి, కర్రతో ఒక్కొక్కదాన్ని మెల్లగా తడిమి, "లోపలే ఉందిగా" అంది. నేను ఆమెను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాను. బూట్లు తియ్యాలని మేడమ్ రెండుసార్లు అంది. ఎవరూ తియ్యలేదు. మామా రోజూ ఒకసారి వచ్చి తడిమి పోతోంది.

కాగితాలు అయ్యేదాకా అక్కను ఆసుపత్రిలోనే ఉంచారు. గురువారం పొద్దున మస్కట్ నుంచి చెన్నై విమానంలో అక్క వెళ్ళిపోయింది. బాబా విమానాశ్రయం దాకా వెళ్ళాడు. తోడు ఎవరూ వెళ్ళలేదు.